చదువుకి వెళ్తూ భార్యాపిల్లల్ని కూడా తీసుకెళ్లాలంటే ముందు ఏం చూసుకోవాలి

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు నిజాంపేట నుంచి మా ఇంటికొచ్చాడు, అక్కా అడ్మిట్ వచ్చేసింది, లోన్ కూడా దాదాపు ఓకే అయింది, నేను ముందెళ్లి నాలుగు నెలల్లో వీళ్లిద్దర్నీ పిలిపించుకుంటా అన్నాడు. వాళ్లావిడ పక్కనే కూర్చుని బాబుకి ఇడ్లీ తినిపిస్తోంది. ఆ అమ్మాయి మాదాపూర్ లో టెస్టింగ్ లో ఆరేళ్లుగా జాబ్ చేస్తోంది. వీడికి యూనివర్సిటీ ర్యాంకు తెలుసు, ఫీజు తెలుసు, ఆ ఊళ్లో చలి ఎంతుంటుందో కూడా తెలుసు. కానీ వాళ్లావిడ అక్కడ జాబ్ చేయొచ్చా లేదా అనేది ఇంట్లో ఒక్కరూ చూళ్లేదు. అడిగితే వెళ్లాక చూసుకుందాం లే అక్కా అన్నాడు. వెళ్లాక చూసుకునే విషయం కాదు అది, అందుకే ఇదంతా కూర్చుని టైప్ చేస్తున్నా.

నేను మా ఆయన పీహెచ్‌డీకి అమెరికా వెళ్తే ఎఫ్-2 మీద, అంటే స్టూడెంట్ వెంట వెళ్లే కుటుంబానికిచ్చే వీసా మీద, పాపని తీసుకుని వెంట వెళ్లినదాన్ని. ఐదేళ్లు ఉన్నాం. మంచి రోజులు ఉన్నాయి, కాదనను. కానీ మొదటి చలికాలం మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది. ఆయన పొద్దున ఎనిమిదికి ల్యాబ్ కి వెళ్తే రాత్రి ఏడుకి వచ్చేవాడు, కారు లేదు, బస్సు గంటకొకటి, నాలుగున్నరకే చీకటి, నేనూ రెండేళ్ల పిల్లా ఆ కిటికీ దగ్గర కూర్చుని మంచు పడుతుంటే చూసేవాళ్లం. ఇక్కడ స్కూల్లో మ్యాథ్స్ చెప్పి నెల జీతం తెచ్చుకున్న మనిషిని, అక్కడ పాల ప్యాకెట్ కొనాలన్నా ఆయన కార్డు అడగాల్సొచ్చింది. మా ఆయన ఏమీ అనేవాడు కాదు, ఆ అడగడమే కష్టంగా ఉండేది. సో నేను చెప్పేది ఒకటే, కోర్సు కంటే ముందు వెంట వెళ్లే మనిషికి ఆ దేశం ఏం హక్కు ఇస్తుందో చూడండి, ఆ తర్వాతే దేశం ఖాయం చేసుకోండి. చదివేది అమ్మాయి, వెంట వెళ్లేది భర్త అయినా ఇదే లెక్క.

ముందు అమెరికా సంగతి చెప్తా, మనవాళ్లు ఎక్కువగా అడిగేది అదే కాబట్టి. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల భర్త లేదా భార్యకి, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకి ఎఫ్-2 ఇస్తారు. ఎఫ్-2 మీద జాబ్ చేయకూడదు, పార్ట్ టైమ్ కూడా కాదు, సూపర్ మార్కెట్ లో క్యాష్ కి పని కూడా కాదు. ఇండియా కంపెనీకి ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్ మీద చేస్తే ఎవరికి తెలుస్తుంది అని చాలామంది అడుగుతారు, దయచేసి ఊహించుకుని మొదలుపెట్టకండి, ఇమ్మిగ్రేషన్ లాయర్ ని అడిగాకే, ఎందుకంటే రేపు స్టేటస్ మార్చుకునేటప్పుడు ఇదంతా బయటికొస్తుంది. చదువు మాత్రం కొంత ఉంది. 2015 నుంచి ఎఫ్-2 వాళ్లు గుర్తింపు ఉన్న కాలేజీలో పార్ట్ టైమ్ గా కోర్సులు చదవొచ్చు, నేను అలాగే కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ కి ఒకటి రెండు కోర్సులు చేశా, మనసు నిలబడింది దాంతోనే. ఫుల్ టైమ్ చదవాలంటే మాత్రం ఎఫ్-1 కి మారాలి. పిల్లలు ట్వెల్త్ వరకు మామూలుగా స్కూల్ కి వెళ్లొచ్చు.

ఫుల్‌బ్రైట్ లాంటి స్కాలర్‌షిప్ మీద వెళ్లేవాళ్లకి ఎఫ్ బదులు జే వీసా ఉంటుంది, అప్పుడు డిపెండెంట్ కి, అంటే వెంట వెళ్లే భార్య, భర్త, పిల్లలకి, జే-2 వస్తుంది, వెళ్లాక వర్క్ పర్మిట్ కి అప్లై చేసుకోవచ్చు. కానీ కొన్ని జే ప్రోగ్రామ్‌లకి చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలనే రూల్ ఉంది, అది మీకు పడుతుందో లేదో సంతకం పెట్టేముందే అడగండి.

యూకే గురించి ఇంకా ఐదేళ్ల కిందటి మాటలే తిరుగుతున్నాయి. మాస్టర్స్ కి వెళ్తే వైఫ్ కి ఫుల్ టైమ్ జాబ్ అని. అది అయిపోయింది. 2024 జనవరి 1 నుంచి మొదలైన కోర్సులకి మామూలు మాస్టర్స్ వాళ్లు ఫ్యామిలీని తీసుకెళ్లడానికి లేదు. పీహెచ్‌డీ, రీసెర్చ్ మాస్టర్స్, లేదా ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఆరు నెలలు దాటిన కోర్సు చేసేవాళ్లకే ఆ వీలు. దిల్‌సుఖ్‌నగర్ లో ఒక కన్సల్టెన్సీ ఈ మధ్య కూడా మా చుట్టాలమ్మాయికి ముందు నువ్వెళ్లు, ఆర్నెల్లలో మీ ఆయన వచ్చేస్తాడు అని చెప్పి డబ్బు కట్టించుకుంది, అక్కడికెళ్లాక తెలిసింది ఆ దారే లేదని. ఆ పిల్ల ఫోన్ లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలీలేదు. పీహెచ్‌డీ వాళ్లకి మాత్రం యూకే ఇప్పటికీ మంచిదే, భార్య లేదా భర్త దాదాపు ఏ జాబ్ అయినా చేయొచ్చు, పిల్లలకి గవర్నమెంట్ స్కూల్ ఫ్రీ.

కెనడా కూడా టైట్ చేసింది. 2025 జనవరి 21 నుంచి భార్య లేదా భర్తకి ఓపెన్ వర్క్ పర్మిట్, అంటే ఏ కంపెనీలోనైనా పని చేసే పర్మిట్, రావాలంటే చదివేవాళ్లు 16 నెలలు లేదా అంతకంటే ఎక్కువ ఉండే మాస్టర్స్ లో గానీ, పీహెచ్‌డీలో గానీ, లిస్టులో ఉన్న కొన్ని ప్రొఫెషనల్ కోర్సుల్లో గానీ ఉండాలి. ఏడాది మాస్టర్స్ త్వరగా అయిపోతుంది కదా అని తీసుకుంటే ఇంట్లో రెండో జీతం పోయినట్టే. మామూలు డిప్లొమాలకి కూడా రాదు. ఈ ఒక్క రూల్ చూసుకోక ఎంతమంది రెండు ఇళ్ల మధ్య నలిగిపోతున్నారో.

ఆస్ట్రేలియాలో మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ స్టూడెంట్ అయితే కోర్సు మొదలయ్యాక భార్య లేదా భర్తకి పని గంటల లిమిట్ లేదు, బ్యాచిలర్స్, డిప్లొమా అయితే రెండు వారాలకి 48 గంటలే. అక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఫ్యామిలీ ఇప్పుడు రాకపోయినా మీ మొదటి స్టూడెంట్ వీసా అప్లికేషన్ లోనే వాళ్ల పేర్లు రాయాలి. ఇప్పుడు వాళ్లు రావట్లేదు కదా అని వదిలేస్తే తర్వాత వాళ్ల వీసా అక్కడే ఆగిపోతుంది. మధ్యలో పెళ్లయినా, పిల్లలు పుట్టినా వెంటనే చెప్పాలి. జర్మనీ అయితే మామూలుగా భార్య లేదా భర్తకి ఏ-1 జర్మన్, అంటే మొట్టమొదటి మెట్టు భాషా పరీక్ష, ఉండాలి, మన బంజారాహిల్స్ గోథే సెంట్రమ్ లోనే క్లాసులు, పరీక్ష రెండూ ఉన్నాయి, కాబట్టి జర్మనీ అనుకుంటే అడ్మిట్ కోసం ఎదురు చూడకుండా ఇవాళే చేర్పించండి. వెళ్లాక వాళ్లకి జాబ్ చేసే హక్కు ఉంటుంది.

ఇక డబ్బు. ఎడ్యుకేషన్ లోన్ అనేది చదివే మనిషి ఖర్చుకి ఇస్తారు, వెంట వెళ్లేవాళ్ల ఖర్చు అందులో లేదనే అనుకుని లెక్క వేసుకోండి. అమెరికాలో ప్రతి డిపెండెంట్ కి వేరే ఐ-20 కావాలి, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం, దానికి యూనివర్సిటీ ఒక్కొక్కరికి ఏడాదికి ఇంత అని అదనంగా చూపించమంటుంది, ఎఫ్‌డీలు, సేవింగ్స్, అమ్మానాన్నల అఫిడవిట్ లాంటివి పెడతారు. సెవిస్ అని స్టూడెంట్ల రికార్డు కోసం అమెరికా ప్రభుత్వం తీసుకునే ఫీజు 350 డాలర్లు ఎఫ్-1 వాళ్లకే, ఎఫ్-2 కి లేదు, కానీ వీసా ఫీజు 185 డాలర్లు మాత్రం పసిబిడ్డతో సహా తలా ఒకటి కట్టాలి.

యూకేలో డిపెండెంట్ కి లండన్ లో అయితే నెలకి 845 పౌండ్లు, బయట 680, ఇలా 9 నెలలది చూపించాలి. అంటే లండన్ బయట ఒక మనిషికి 6,120 పౌండ్లు. ఈ డబ్బు 28 రోజులు అకౌంట్ లో కదలకుండా ఉండాలి, మధ్యలో ఒక్క రోజు తగ్గినా మళ్లీ మొదటికొస్తుంది. దీని మీద హెల్త్ సర్‌చార్జ్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టే డబ్బు, ఏడాదికి తలా 776 పౌండ్లు, వీసా మొత్తం కాలానికీ ముందే కట్టేయాలి. ముగ్గురు మనుషులు, నాలుగేళ్లు అనుకోండి, 9,312 పౌండ్లు విమానం ఎక్కకముందే పోయినట్టు. పీహెచ్‌డీకి స్టైపెండ్ వస్తుంది కదా అని ధైర్యంగా ఉన్నవాళ్లు ఇక్కడే తడబడతారు. ఆస్ట్రేలియాకి ఏడాది ఖర్చు కింద స్టూడెంట్ కి 29,710 డాలర్లు, భార్య లేదా భర్తకి 10,394, ఒక్కో పిల్లకి 4,449 చూపించాలి, స్కూల్ వయసు పిల్లలుంటే ఏడాదికి ఇంకో 13,502, ఇవన్నీ వాళ్ల డాలర్లే. ట్యూషన్ ఫీజు, టికెట్లు దీనికి అదనం. ఈ అంకెలు మారుతూ ఉంటాయి, కాబట్టి డబ్బు కట్టే రోజున ఆ దేశం ప్రభుత్వ సైట్ మళ్లీ ఒకసారి తెరిచి చూసుకోండి.

అమీర్‌పేట్ లోనూ కూకట్‌పల్లిలోనూ ఫండ్స్ చూపించడానికి నెల రోజులకి డబ్బు సర్దుతాం అనేవాళ్లు దొరుకుతారు. అక్కడ రెండో ఆలోచన పెట్టుకోకండి. దొంగ బ్యాంకు కాగితం దొరికితే కెనడా 5 ఏళ్లు, యూకే 10 ఏళ్లు రానివ్వవు, అమెరికా అయితే జీవితాంతం మచ్చ. అది మీ ఒక్కరికే కాదు, వెంట పెట్టిన భార్య ఫైల్ కి కూడా తగులుతుంది. డబ్బు నిజంగా సరిపోకపోతే మొదటి ఏడాది ఒక్కరే వెళ్లండి, అందులో నామోషీ ఏం లేదు.

కాగితాల దగ్గర మనవాళ్లకి వచ్చే పెద్ద తలనొప్పి పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్ లో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక ఆధార్ లో మాత్రం అత్తింటి ఇంటిపేరు ఎక్కుతుంది, మ్యారేజ్ సర్టిఫికెట్ లో భర్త పేరుకి ఒక ఇంగ్లిష్ అక్షరం ఎక్కువ పడుతుంది. నాది సరిగ్గా ఇదే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కంప్యూటర్ దగ్గర అబ్బాయి డ్రాఫ్ట్ చూసుకోమని స్క్రీన్ తిప్పాడు, పాప ఏడుస్తోందని నేను తలూపేశా, ఇంటికొచ్చి చూస్తే మా ఆయన పేరులో ఇంగ్లిష్ 'A' ఒకటి ఎక్స్‌ట్రా. దాన్ని సరిచేయించడానికి మూడు వారాలు, ఇద్దరు సాక్షుల్ని మళ్లీ తీసుకెళ్లడం, ఈలోపు ఐ-20 లేటు. కాబట్టి డ్రాఫ్ట్ చూపించినప్పుడు పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వేలుపెట్టి చదవండి, వెనక లైన్ లో ఎవరు విసుక్కున్నా సరే. పెళ్లి రిజిస్ట్రేషన్ కి పసుపు పూసిన శుభలేఖ, తాళి కట్టే ఫొటో, ఇద్దరి వయసు ప్రూఫ్, అడ్రస్ ప్రూఫ్, సాక్షులు, వాళ్ల ఆధార్‌లు, ఇవి దగ్గర పెట్టుకుంటే పని జరుగుతుంది. శుభలేఖ అందరికీ పంచేసి ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోనివాళ్లు చాలామంది, ఇప్పుడే అమ్మని అడిగి ఒకటి తీసి దాచండి.

పాస్‌పోర్ట్ లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద పేరు ముందు ఎఫ్ఎన్‌యూ, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలీదు అని పడుతుంది, తర్వాత లైసెన్స్ కి, బ్యాంకు కి, ఇన్సూరెన్స్ కి అన్నిచోట్లా అదే మీ మొదటి పేరు అయిపోతుంది. మా పక్క అపార్ట్‌మెంట్ లో ఉన్న గుంటూరు అమ్మాయిని క్లినిక్ లో ఆ పేరుతోనే పిలిచేవాళ్లు, తను లేచేది కాదు పాపం, తన పేరే అని తెలిస్తే కదా. వీసాకి ముందే పాస్‌పోర్ట్ సరిచేయించుకోండి.

పిల్లల బర్త్ సర్టిఫికెట్ లో పిల్ల పేరు ఎక్కిందో లేదో చూడండి, చాలాసార్లు పుట్టిన వెంటనే తీసుకున్నదాంట్లో తల్లిదండ్రుల పేర్లే ఉంటాయి, బారసాల అయ్యాక పేరు చేర్పించడం మర్చిపోతారు. జీహెచ్ఎంసీ పరిధిలో పుడితే మీసేవలో అడగండి. టీకాల కార్డు అంతకంటే ముఖ్యం. మన ప్రభుత్వ టీకాల్లో తట్టు, రుబెల్లా ఉంటాయి గానీ గవదబిళ్లలు, చికెన్ పాక్స్ ఉండవు, అమెరికాలో చాలా స్కూళ్లు ఆ రెండూ అడుగుతాయి, పిల్లల డాక్టర్ దగ్గర ఇక్కడే వేయించి డేట్‌లు ఇంగ్లిష్ లో రాయించుకోండి. ఇంకోటి, మన పిల్లలందరికీ బీసీజీ అనే టీబీ టీకా పడుంటుంది కాబట్టి చర్మం మీద చేసే టీబీ టెస్ట్ లో పాజిటివ్ లాగా వాపు రావొచ్చు, అక్కడ కంగారు పడకుండా రక్త పరీక్ష చేయమని అడగండి. మా పాపకి అలా వచ్చి రెండు రాత్రులు నిద్రపోలేదు నేను.

ఇక అమెరికా వీసా ఇంటర్వ్యూ. మాది బేగంపేట పైగా ప్యాలెస్ లో అయింది, 2023 మార్చి నుంచి కాన్సులేట్ నానక్‌రామ్‌గూడకి మారింది. అప్పట్లో చిన్నపిల్లలు రాకపోయినా సరిపోయేది, 2025 సెప్టెంబర్ 2 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలు కూడా మామూలుగా ఇంటర్వ్యూకి రావాల్సిందే, కాబట్టి నిద్ర టైమ్, తిండి టైమ్ చూసుకుని స్లాట్ తీసుకోండి. ఎఫ్ వీసా వాళ్లు సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్ లో పెట్టాలి, డిపెండెంట్లకి కూడా. నన్ను అడిగినవి నాలుగే, మీవారు ఏం చదువుతున్నారు, స్టైపెండ్ ఎంత, పెళ్లి ఎప్పుడైంది, మీరు ఇక్కడ ఏం చేస్తారు. ఇంటి పెద్దలు నువ్వేం మాట్లాడకు, అన్నీ అబ్బాయి చెప్తాడు అంటుంటారు, అది పనికిరాదు. అమ్మాయి విడిగా ఇంటర్వ్యూకి వెళ్లినా భర్త కోర్సు, జీతం, ఊరు తన నోటితో చెప్పగలగాలి. మొన్న ఆదివారం నేను మా మరదలితో ఆ నాలుగు ప్రశ్నలూ అక్కడే కూర్చోబెట్టి చెప్పించా.

ఎప్పుడు తీసుకెళ్లాలి అంటే, నా సలహా కలిసి వెళ్లొద్దు. చదివేవాళ్లు ముందెళ్లి ఒక సెమిస్టర్ అయ్యాక వీళ్లు రావడం మేలు. మొదటి రెండు నెలలు అద్దె ఇల్లు, బ్యాంకు, క్లాసులు, ఒక మంచం మీద ఇద్దరు ఫ్రెండ్స్ తో సర్దుకోవడం, అందులో చంటిపిల్లని పెట్టుకుంటే ఇద్దరికీ నరకం. ముందెళ్లినవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు క్యాంపస్ కి దగ్గర అనేది ఒక్కటే చూడకండి, నడిచి వెళ్లేంత దూరంలో కూరగాయల షాపు, పార్కు, బస్సు స్టాప్ ఉన్నాయా చూడండి, రోజంతా ఆ ఇంట్లో ఉండేది మీరు కాదు కదా. అద్దె వంద తక్కువని మా ఆయన ఊరి చివర తీసుకున్నాడు, ఏడాదికే మారాం.

ఇన్సూరెన్స్ అమెరికాలో ప్రాణసంకటం. యూనివర్సిటీ స్టూడెంట్ ఒక్కరికే చవగ్గా ఇస్తుంది, డిపెండెంట్ ని కలిపితే రేటు ఒక్కసారిగా పెరుగుతుంది, మా స్టైపెండ్ లో పెద్ద ముక్క దానికే పోయేది. అయినా తీసుకోవాల్సిందే. వచ్చాక చాలాచోట్ల నెల రోజుల్లోపే చేర్పించాలి, ఆ గడువు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. ప్రెగ్నెన్సీ ఆలోచన ఉంటే ఆ పాలసీలో డెలివరీ కవర్ అవుతుందా అని రాతపూర్వకంగా అడగండి. పళ్లు, కళ్లద్దాలు ఇక్కడే చూపించుకుని వెళ్లండి.

అమ్మానాన్నల్ని కూడా డిపెండెంట్ గా తీసుకెళ్లొచ్చా అని అడుగుతారు, కుదరదు. వాళ్లు విజిటర్ గానే వస్తారు, అమెరికా అయినా యూకే అయినా సాధారణంగా ఒకసారికి ఆరు నెలల వరకు. కెనడా సూపర్ వీసా అనేది అక్కడ పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్ల లేదా సిటిజన్ అయినవాళ్ల తల్లిదండ్రులకే, స్టూడెంట్లకి లేదు. డెలివరీకి అమ్మ రావాలంటే తన షుగర్, బీపీ మందులు ప్రిస్క్రిప్షన్ తో సరిపడా తెచ్చుకోవాలి, ట్రావెల్ ఇన్సూరెన్స్ లో పాత జబ్బులు ఎంతవరకు కవర్ అవుతాయో చదివాకే కొనాలి.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను, ఊరగాయలు ఎలాగూ సర్దుతారు. కుక్కర్ మాత్రం అడుగు చదునుగా ఉన్నది తీసుకోండి, అక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చెకిన్ లో వేయకండి. వెంట వెళ్లేవాళ్ల డిగ్రీ, మార్కుల మెమోలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు కూడా తీసుకెళ్లాలి, వాటితో ఏం పని అంటారు ఇంట్లో, నాకు కమ్యూనిటీ కాలేజీలో అవే అక్కరకొచ్చాయి. ఇండియా సిమ్ బతికి ఉండాలి, లేకపోతే బ్యాంకు ఓటీపీలు ఆగిపోతాయి.

దిగిన మొదటి రెండు వారాల్లో వెంట వచ్చిన మనిషి పేరు మీద మూడు పనులు చేయండి, చదివేవాళ్లకి ఎంత బిజీ ఉన్నా సరే. బ్యాంకులో జాయింట్ అకౌంట్ తీసి తన చేతికి సొంత కార్డు ఇవ్వండి. ఒకసారి తోడుగా వెళ్లి రూటు చూపించి, రెండోసారి తనని ఒక్కదాన్నే బస్సు ఎక్కనివ్వండి. పబ్లిక్ లైబ్రరీలో కార్డు తీయించండి, ఫ్రీగానే ఇస్తారు, మా ఊళ్లో మంగళవారం పొద్దున చిన్నపిల్లలకి కథలు చదివేవాళ్లు, నేను పాపని స్ట్రోలర్ లో తోసుకుంటూ మొదటిసారి వెళ్లిన రోజు అక్కడ ఒక కరీంనగర్ అమ్మాయి కనపడి మీరు తెలుగా అండీ అంది, రెండు నెలల తర్వాత బయటి మనిషితో నేను మాట్లాడిన మొదటి తెలుగు మాట అది.